పాతదే ఉంచాను

ఇలా దగ్గరికి జరగండి. ఇంకొంచెం. ఫ్యాను హోరులో నా గొంతు మీదాకా రాదు, పైగా ఇవాళ చెప్పబోయేది అరిచి చెప్పే సంగతి కాదు. అరుపులన్నీ మా ఇంట్లో వాళ్ళు ముందే అరిచేశారు.

మా పిచ్చుక ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపు ధడాలున వేసుకోవడం దగ్గర ఆపాను పోయినసారి. ఆ తలుపు మర్నాడు పొద్దున్నే తెరుచుకుంది. తెరుచుకోగానే యుద్ధం మొదలైంది.

నేను టీ వడపోస్తున్నాను. వెనక గదిలో దబ్బున చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, బట్టలుతికే మిషన్ నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు నేల మీద తడి బట్టల కుప్ప. నా కోడలు ఆఫీసుకు తొడుక్కునే చొక్కాలు, తువ్వాళ్ళు, వాళ్ళ మంచం మీది నీలం చారల దుప్పటి, అన్నీ కలిసి ఒకటే ముద్ద. పక్కన నా కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

నా కూతుర్నే పిచ్చుక అంటాం. మాటలు రాకముందు నుంచే కిచకిచలాడేది, ఆ పేరే ఉండిపోయింది.

"ఏం పనే ఇది?" అన్నాను.

"నా బట్టలు వేసుకోవాలి. మహారాణిగారివి అడ్డంగా ఉన్నాయి."

"అడ్డంగా ఉంటే తీసి బుట్టలో వెయ్యాలి. నేల మీదా?"

"ఆవిడ నన్ను నేల మీదే వేసిందిగా, అందరి ముందూ."

ఇంతలో కోడలు వచ్చింది. చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు. కుప్ప చూసింది, ఆడపడుచును చూసింది, బ్రష్షు కిటికీలో పెట్టి వంగి ఆ నీలం చారల దుప్పటి ఎత్తింది. దాని మీద మట్టి మరక పడింది.

"వారం నుంచి తీరిక లేక ఇవాళ వేశాను దీన్ని. మళ్ళీ ఉతకాలి," అంది. గొంతు పెంచలేదు. మా కోడలు గొంతు పెంచకపోతేనే నాకు భయం.

"ఉతుక్కో. నీకు ఉతకడం బాగా వచ్చు. నిన్న నన్ను ఉతికావుగా."

"నిన్న నేను జవాబు చెప్పాను. నిన్ను కాదు."

"'ఈ జట్టు ఆకాశాన్ని అడగలేదు, ఆకాశానికి చెప్పింది' అన్నావు. వెనక బల్లల వాళ్ళందరూ పగలబడి నవ్వారు. నవ్వించడానికే అన్నావు."

"నవ్వుతారని తెలుసు. అయినా అన్నాను."

తడి బట్టల నుంచి నీళ్ళు కారి నా కాళ్ళ కిందికి వచ్చాయి. ఇద్దరూ చూడలేదు.

వాళ్ళు అలా నిలబడి ఉండగానే మీకో ముక్క చెప్పాలి. ఇవాళే వినడానికి కూర్చున్న వాళ్ళకు దిక్కు తెలియాలి కదా.

నా కోడలి పని ఆకాశం తయారుచేయడం. నవ్వకండి, నిజమే. ఎక్కడో కొండ మీద పెద్ద టెలిస్కోపు ఆకాశాన్నంతా ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తుంది. అందులో లెక్కలేనన్ని గెలాక్సీలు. వాటిని పట్టుకుని తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ విశ్వం ఉబ్బుతోందట. దాన్ని ఉబ్బించే తోపు ఒకటుందట. అదేమిటో ఎవరికీ అంతు చిక్కక చీకటి శక్తి అని పేరు పెట్టారు. ఆ తోపు మొదటి నుంచీ ఒకేలా ఉందా, కాలం గడిచేకొద్దీ మారుతోందా? ఒకేలా ఉంది అన్నది పాత జవాబు. పుస్తకాల్లో ఉన్నది, అందరి నోటా నానింది అదే.

కుర్ర సైంటిస్టులను నేరుగా అసలు ఆకాశం ముందు కూర్చోబెట్టరు. ముందు తర్ఫీదు ఇవ్వాలి. అందుకని మా కోడలు కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి ఆకాశం పుట్టిస్తుంది. గెలాక్సీలు, మసక, మచ్చలు, పొరపాట్లు అన్నీ అసలుదానిలాగే పెడుతుంది. తోపు ఎలా ఉందన్నది మాత్రం తన ఇష్టం. అది ఎవరికీ చెప్పదు. పిల్లలు ఇద్దరిద్దరు జట్లుగా కూర్చుని ఆ జవాబు తవ్వి తీయాలి. అందరూ ఇచ్చాకే అసలుది బయటపెడుతుంది. దీన్ని వాళ్ళు గంతలు కట్టుకోవడం అంటారు. జవాబు ముందే తెలిస్తే కన్ను దాని వైపే లాగుతుందని. అసలు ఆకాశం దగ్గరా ఇదే పద్ధతట. గంతలు విప్పుకుని తొంగి చూసిన మనిషిని మళ్ళీ ఆ ఛాయలకు రానివ్వరు.

నిన్న బయటపెట్టిన జవాబు, తోపు సన్నగిల్లుతోందని. మా పిచ్చుక జట్టు ఇచ్చిన జవాబు, తోపు ఒకేలా ఉందని.

తప్పింది. అదీ గొడవ.

"ఇవాళ సాయంత్రానికి అసలు ఆకాశం మీద పని చేసే వాళ్ళ పేర్లు పంపాలి," అంది కోడలు దుప్పటి పిండుతూ. "నీ పేరు పంపడం లేదు. ముందే చెప్తున్నాను, తర్వాత వెనక నుంచి పొడిచానని అనకుండా."

"ఎదురుగా పొడుస్తున్నావన్న మాట."

"ఎలా అనుకున్నా సరే."

"నేను స్కూల్లో ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని వదినా. దీని కోసం ఆ ఉద్యోగం మానేసి వచ్చాను. నీకు తెలుసు."

"నా బ్యాచ్‌లో చేరొద్దని చెప్పాను. నీకూ తెలుసు."

"ఎందుకు వద్దన్నావో కూడా తెలుసు. ఈ ఇంట్లో చదువుకున్న ఆడది నువ్వొక్కదానివే ఉండాలి!"

కోడలు దుప్పటి బుట్టలో వేసింది, బ్రష్షు తీసుకుంది, వెళ్ళిపోయింది. టీ తాగకుండానే ఆఫీసుకు పోయింది. కాసేపటికి పిచ్చుక కూడా టీ తాగకుండానే పోయింది, వేరే బస్సులో. పెట్టిన టీ అంతా నేనే తాగాను.

తర్వాత చూస్తే బల్ల మీద కోడలి కళ్ళజోడు.

అది లేకపోతే ఆ పిల్లకు అక్షరం కనబడదు. డబ్బాలో పెట్టుకుని బయలుదేరాను. కళ్ళజోడు వంక, మీకు అబద్ధం చెప్పను. వాళ్ళిద్దరూ ఒక గదిలో ఉన్నారంటే నా కాలు ఇంట్లో నిలవలేదు.

తర్ఫీదు ఇచ్చే హాలు మూడో అంతస్తులో ఉంది. పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. తెరల మీద వెలుతురు పడకూడదని కిటికీలకు పట్టీలు దించేసి ఉంచుతారు. బయట ఎండ మండుతుంటే లోపల సందె చీకటి. బల్లల మీద చల్లారిన కాఫీ కప్పులు, చిక్కుపడ్డ వైర్లు, ఎవరిదో సగం కొరికిన ఆపిల్. ఏసీ చలికి పిల్లలు పగటిపూటే స్వెట్టర్లు తొడుక్కుని కూర్చుంటారు.

నేను తలుపు తోసేసరికి ఒక్క మనిషీ తెర వైపు చూడటం లేదు. అందరూ కోడలి బల్ల వైపే చూస్తున్నారు. అక్కడ మా పిచ్చుక.

"నా తప్పు ఎక్కడో చూపించు," అంటోంది. "మసకగా ఉన్న గెలాక్సీలు తీసేశాను. వాటి దూరాలు నమ్మలేమని నువ్వే పాఠంలో చెప్పావు. తప్పా?"

"తప్పు కాదు."

"టెలిస్కోపు మసకను సరిచేసే లెక్క ఇంకొంచెం బిగించాను. తప్పా?"

"కాదు."

"అంచుల్లో ఉన్న ఫొటోలు వదిలేశాను. తప్పా?"

"కాదు. విడివిడిగా ఏదీ తప్పు కాదు. ప్రతిదానికీ మంచి కారణం ఉంది." కోడలు కళ్ళు చికిలించుకుని చూస్తోంది, అద్దాలు లేక. "కానీ అక్కడే ఎందుకు ఆగావు?"

"అంటే?"

"ఇంకా సరిచేయాల్సినవి బోలెడున్నాయి. రంగును బట్టి దూరం కట్టే లెక్కలో నేను కావాలని ఒక పొరపాటు పెట్టాను, దాని జోలికే పోలేదు. పాత జవాబు రాగానే చేతులు దులుపుకున్నావు. జవాబు నచ్చేదాకా తప్పులు వెతికావు, నచ్చగానే వెతకడం మానేశావు. ఈ పనిలో దీన్ని మించిన తప్పు లేదు."

వెనక బల్ల దగ్గర ఒకడు కుర్చీ జరిపాడు. వాడు పిచ్చుక జట్టువాడు. ఎప్పుడు చూసినా గళ్ళ చొక్కాయే, అందుకని ఇంట్లో మేమంతా గళ్ళచొక్కా అనే అంటాం. పిచ్చుకతో పాటు వాడి పేరూ పోతోంది మరి.

"మేడమ్, ఒక మాట," అన్నాడు.

"నువ్వు కూర్చో," అంది పిచ్చుక.

"కూర్చోను. నీ నోటికి భయపడి పోయిన వారమంతా కూర్చున్నాను, చాలు." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మేడమ్, మాకు మొదట వచ్చింది వేరే. తోపు సన్నగిల్లుతోందనే వచ్చింది. దూరాల లెక్కలో పొరపాటు కూడా పట్టుకున్నాం. తనే పట్టుకుంది. సరిచేసింది కూడా. తర్వాత ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, అదంతా తప్పు, మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెడదాం అంది."

పిల్లల తలలన్నీ పిచ్చుక వైపు తిరిగాయి.

కోడలు మెల్లగా లేచి నిలబడింది. "నా పొరపాటు పట్టుకున్నావా?"

పిచ్చుక తల దించుకుంది.

"ఇంతవరకు ఏ బ్యాచ్‌లోనూ ఎవరూ పట్టుకోలేదు దాన్ని. పట్టుకుని, సరిచేసి, సరైన జవాబు చేతిలో పెట్టుకుని, మళ్ళీ ఎందుకు పారేశావు?"

"తప్పనిపించింది."

"అనిపించిందా, తెలిసిందా?"

నా కూతురు నోరు మూసుకోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. గొంతు నొప్పి వచ్చినప్పుడు చూశాను. వాళ్ళ నాన్న పోయినప్పుడు చూశాను. ఆ రోజు చూశాను.

అప్పుడు అర్థమైంది నాకు, రాత్రంతా తలుపేసుకుని ఏడ్చింది తప్పు వచ్చినందుకు కాదని. ఒప్పు చేతిదాకా వచ్చి తన చేతులతోనే జారిపోయినందుకని.

"ఎవరు చెప్పారు నీకు తప్పని?" అంది కోడలు.

పిచ్చుక తిరిగి తలుపు వైపు నడిచింది. నన్ను చూసి ఆగింది. "నువ్వెందుకొచ్చావమ్మా? ఇక్కడ కూడా నవ్వడానికి మనుషులు తక్కువయ్యారనా?" అని, నన్ను తోసుకుని పోయింది.

కళ్ళజోడు కోడలి చేతిలో పెట్టాను. పెట్టుకోలేదు. డబ్బా తెరవడం, మూయడం, తెరవడం, మూయడం.

"అత్తయ్యా, మీ అబ్బాయి భోజనానికి ఇంటికొస్తాడా ఇవాళ?" అంది.

అంత గొడవలో కొడుకు భోజనం సంగతి ఎందుకు వచ్చిందా అనుకున్నాను.

వచ్చాడు. నా కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. శనివారం మధ్యాహ్నానికే షాపు కట్టేసి వస్తాడు. చేతులు కడుక్కుని, ఇంట్లో గాలి ఎలా ఉందో చూసుకోకుండా, "ఏదో మంచి వాసన వస్తోందే!" అంటూ కూర్చున్నాడు. బంగాళాదుంపలు ఉడకబెట్టాను, అంతే. వాటికి వాసనేముంది?

పిచ్చుక ముందే కూర్చుని పళ్ళెంలో ఒక దుంపను చెంచాతో పొడుస్తోంది. కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను ఉతికిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, మరక పోయిందా లేదా అని చూస్తున్నట్టు ఒక పక్కన కూర్చున్నాను. మరక ఎప్పుడో పోయింది.

"ఎవరు చెప్పారు?" అంది కోడలు.

"అన్నం తిననివ్వవా?"

"తిను. తింటూ చెప్పు. నిన్నటిదాకా ఆ జవాబు నాకు తప్ప ఒక్క ప్రాణికి తెలియదు. మా పెద్దసారుకు కూడా తెలియదు. మరి నా జవాబు నీకు చెప్పిందెవరు? అదీ తప్పు జవాబు!"

నా కొడుకు దగ్గాడు. "కాస్త మంచినీళ్ళు," అన్నాడు.

గ్లాసు వాడి ముందే ఉంది, నిండుగా.

కోడలు ఆ గ్లాసు వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది.

"మీరా?"

"నేను... అంటే అది అలా కాదు..."

"అన్నయ్యా, నోరు మూసుకో," అంది పిచ్చుక.

"ఎంతకాలం మూసుకుంటానే? ఇందాక గళ్ళచొక్కా కూడా, చెప్పింది నేనేనని ఊహించి, ఫోన్ చేసి నన్ను తిట్టాడు." వాడు పళ్ళెం పక్కకు నెట్టాడు. "నేనే చెప్పాను. చెల్లెలు వారం రోజులుగా ప్రాణం తీస్తోంది, వదినను అడుగు, ఒక్క మాట అడుగు, మాకు వింత జవాబు వచ్చింది, అది నిజమో కాదో తెలియక చస్తున్నాను అని. సరే అని అడిగాను."

"ఎవర్ని?"

"నిన్నే."

"నన్నా! నేను చెప్పానా మీకు?"

"చెప్పావు. ఎప్పుడూ చెప్పనిదానివి ఆ రోజు చెప్పావు. అందుకే నమ్మాను. పోయిన ఆదివారం, మన గదిలో. 'ఈసారి మార్చావా?' అని అడిగాను. 'లేదండీ, ఈసారి మార్చలేదు, పాతదే ఉంచాను' అన్నావు. నీ నోటితో అన్నావు!"

"'మార్చావా' అన్నారా? ఏం మార్చావని అడగలేదా?"

"అడిగితే జాగ్రత్త పడతావుగా. అందుకని తెలివిగా అడిగాను."

"తెలివిగా," అంది కోడలు.

"ఆఁ. ఏదో మాటల్లో పెట్టి."

"అప్పుడు నేనేం చేస్తున్నాను?"

"ఏం చేస్తున్నావు... మంచం దగ్గర నిలబడి ఉన్నావు."

"నా చేతిలో ఏముంది?"

మా వాడు గుర్తు తెచ్చుకోవడం నేను చూశాను. నుదురు ముడిపడింది, విడింది. కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి మెల్లగా దిగి, దిగి, నా ఒళ్ళో ఆగాయి.

"దుప్పటి," అన్నాడు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది. ఆ మూడు ముఖాలూ చూశాక గొంతులోనే చచ్చిపోయింది.

"ఆదివారం దుప్పటి మార్చడం అలవాటు," అంది కోడలు, పిల్లలకు పాఠం చెబుతున్నట్టు. "ఆ ఆదివారం ఒంట్లో ఓపిక లేదు. మీరు అడిగారు. ఈయనకు ఇంటి పని మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందా అని సంతోషపడ్డాను కూడా. మార్చలేదు, పాతదే ఉంచాను అన్నాను."

పిచ్చుక చెంచా కింద పెట్టింది. "దుప్పటి కోసం ఆకాశాన్ని మార్చాను," అంది. తనలో తనే అంది. "నాకు వచ్చిందే ఒప్పు. నేను దుప్పటి మాట విన్నాను."

"దుప్పటి మాట కాదు. ఆయన తెచ్చిన మాట నిజంగా ఆకాశం గురించే అయి, నిజంగా ఒప్పే అయినా, నువ్వు చేసింది దొంగతనమే. గంతలు విప్పుకున్నావు."

"నాకు భయమేసింది వదినా! నీ పొరపాటు పట్టుకున్నప్పుడు నాకే నమ్మకం కలగలేదు. అంత పెద్ద పొరపాటు నాకొక్కదానికే కనబడటమేమిటి, నా కళ్ళే పాడయ్యాయేమో అనుకున్నాను. నువ్వు ఒక్కసారైనా బాగా చేస్తున్నావని అన్నావా? అని ఉంటే అన్నయ్యను అడిగేదాన్నా?"

"ఎవరినీ అనను. నీకొక్కదానికి అంటే వాళ్ళంతా ఏమంటారు, ఇంటి మనిషని అనరా? అందుకే నీతో అందరికంటే కటువుగా ఉన్నాను."

"తెలుస్తూనే ఉంది!"

"తెలియాలనే ఉన్నాను!"

అదిగో, అప్పుడు పెంచింది గొంతు. పెళ్ళై వచ్చాక మొదటిసారి. మా వాడు కుర్చీలోనే వెనక్కి జరిగాడు.

పిచ్చుక లేచింది. "సరే. నా పేరు తీసెయ్. కానీ ఏమని చెప్పి తీసేస్తావు?"

"పని చేతకాలేదని. నిన్న అందరూ చూశారు. కొత్తగా చెప్పాల్సింది ఏముంది? వచ్చే బ్యాచ్‌లో మళ్ళీ చేరవచ్చు."

"చేతకాలేదని చెప్పకు."

"మరేం చెప్పను?"

"దొంగతనం చేసిందని చెప్పు."

మా వాడు లేచి నిలబడ్డాడు. "పిచ్చి పట్టిందా నీకు? దొంగ అంటే ఇంకెప్పటికీ రానివ్వరు! వచ్చే బ్యాచ్ లేదు, ఏ బ్యాచ్ లేదు!"

"నాకు తెలుసు. నువ్వు కూర్చో, నీ తెలివి చాలు." మా పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. "నేను దొంగనే, ఒప్పుకుంటాను. మొద్దును మాత్రం కాను. ఎవరూ పట్టుకోనిది నేను పట్టుకున్నాను. చేతకాదు అని నా పేరు పక్కన పడితే దాంతో బతకలేను. దొంగ అంటే బతుకుతాను."

కోడలు నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "ఎంత తేలిగ్గా చెప్పావు! దొంగతనం జరిగిందంటే ఎక్కడ జరిగిందని అడుగుతారు. నా పడకగదిలో అని చెప్పాలి. ఇంటి మనిషిని క్లాసులో చేర్చుకుంటున్నాను, జవాబు నా నోటి నుంచి జారదు అని నేను మాటిచ్చాను మా సారుకు. మిగతా పిల్లల పరీక్ష కూడా చెల్లదంటారేమో. ఆకాశాలు తయారుచేసే పని నా చేతిలో ఉంటుందనుకున్నావా ఇంకా?"

"నీ నోటి నుంచి జారలేదుగా! దుప్పటి కదా జారింది!"

"ఆ మాట వాళ్ళకు చెప్తే నమ్ముతారా?"

ఇప్పుడు బల్లకు అటూ ఇటూ రెండు మాటలు. చేతకాలేదు అంటే ఒకరు ఉంటారు. దొంగతనం అంటే ఇద్దరూ పోతారు. ఉడికిన దుంపలు పళ్ళేల్లో చల్లారిపోయాయి.

"చేతకాలేదనే చెప్పెయ్," అన్నాడు మా వాడు నెమ్మదిగా, పెళ్ళాంతో. "అందరికీ మంచిది."

"మీరు మాట్లాడకండి," అంది కోడలు.

"నువ్వు మాట్లాడకు," అంది పిచ్చుక.

ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ మాట కలిసింది.

కోడలు డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఫోన్ అందుకుంది. నేను దుప్పటి గట్టిగా పట్టుకున్నాను, అదేదో నన్ను నిలబెడుతుందన్నట్టు.

"సార్, నమస్తే. పేర్లు పంపే ముందు ఒక సంగతి చెప్పాలి." ఆగింది. గుక్క తిప్పుకుంది. "పరీక్షలో గంతలు జారాయి సార్. మా ఇంట్లోనే. నా దగ్గర నుంచే."

పిచ్చుక కళ్ళు పెద్దవయ్యాయి. దొంగ అని చెప్పమని అరిచిన పిల్లే, నిజంగా చెప్తుందని అనుకోలేదు.

అవతలి నుంచి ఏదో అడిగారు. ఏం అడిగారో మాకు వినబడలేదు గానీ, అలాంటప్పుడు ఒక్కటే అడుగుతారు ఎవరైనా. ఎవరు అని.

కోడలు చెప్పలేదు. ఫోన్ చెవి నుంచి తీసి, బల్ల మీదుగా చెయ్యి చాపి, ఆడపడుచు చేతిలో పెట్టింది.

"నీ మీద జాలిపడి కాదు," అంది. "నీ తరఫున అబద్ధం చెప్పను. నిజం కూడా నేను చెప్పను. నువ్వే చెప్పు. దుప్పటి దగ్గర నుంచి కాదు. మొదట నీకేం వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెట్టు."

పిచ్చుక ఫోన్ చెవికి ఆనించుకుంది. నోరు తెరిచింది.

పుట్టిన దగ్గర నుంచీ నోరు మూతపడని నా కూతురికి మాట పెగల్లేదు. అవతల "హలో, హలో" అంటున్నారు. ఈసారి గట్టిగా అడుగుతున్న ఆ గొంతు మా వంటింట్లో నలుగురికీ వినబడుతోంది.

ఇక్కడ ఆపుతున్నాను. నాకూ ఊపిరి ఆడాలి కదా. ఈ కథ మీరు ఎక్కడైనా చెప్పేటప్పుడు దుప్పటి దగ్గర అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి, అక్కడ నవ్వొస్తుంది మరి. కానీ నవ్వు అయిపోయాక లేచి వెళ్ళనివ్వకండి. ఆ పిల్లకు మొదట వచ్చిన జవాబు ఒప్పే అని గుర్తుపెట్టుకుని చెప్పండి. మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, అది మాత్రం వదలకుండా చెప్పండి.